దుమ్ము గాలి రోజుల్లో పిలుపు

బిరామ్ కట్టిన తాయెత్తు చేతికి ఉండగానే పెండా సముద్రంలోకి నడిచి వెళ్లిపోయింది.

సెనెగల్ తీరంలో తియాలెన్ అనే చేపలవాళ్ల ఊరు అది. చలికాలం చివర్లో అక్కడ సహారా ఎడారి మీదుగా దుమ్ము గాలి వీస్తుంది. పట్టపగలే సూర్యుడు మాయమైపోతాడు. పదడుగుల అవతల ఏదీ సరిగ్గా కనపడదు. ఆ రోజుల్లో సముద్రం వైపు నుంచి ఎవరో పిలుస్తారు. ఊళ్లోవాళ్లని వాళ్ల పేర్లతోనే పిలుస్తారు. పలికినవాళ్లు చేస్తున్న పని వదిలేసి అటు నడుస్తారు, మళ్లీ తిరిగి రారు. అందుకే గాలి మొదలవగానే జనం తలుపులు వేసుకుని, చెవుల్లో దూది కుక్కుకుని కూర్చునేవాళ్లు.

పెండా చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. దేనికీ జడవని మనిషి. ఆ రోజు తాయెత్తు ఉందన్న ధైర్యంతో చెవుల్లో దూది లేకుండానే గడపలో కూర్చుని చేపలకి ఉప్పు పట్టిస్తోంది. ఉన్నట్టుండి తలెత్తి, "ఆఁ, వస్తున్నా" అన్నట్టు పెదవులు కదిపిందట. బుట్ట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్లిపోయిందట. పక్కింటివాళ్లు తలుపు సందులోంచి చూశారు కానీ బయటికి రావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆమె చిన్నకొడుకు ఇంకా పాలు మరవలేదు.

ఆ తాయెత్తులో ఖురాన్ వాక్యం రాసి కట్టింది బిరామ్. ఊరి చివర ఉండే సూఫీ గురువు షేఖ్ మసంబా దగ్గర చిన్నప్పటి నుంచీ చదువుకున్నవాడు. ఈ మధ్య ఊళ్లోవాళ్లు గురువుని వదిలేసి అతని దగ్గరికే రావడం మొదలుపెట్టారు. షేఖ్ రాత కన్నా నీ రాతే గట్టిదని బిరామ్‌ ముందే అనేవాళ్లు. అతను కాదనలేదు.

పెండా పోయిన మర్నాడు ఆ గొంతు అతన్ని కూడా పిలిచింది.

"బిరామ్, అన్నం చల్లారిపోతోంది, రా."

రోజూ అమ్మ పిలిచే మాటలే అవి. ఆ సాగదీత కూడా అమ్మదే. కానీ అమ్మ అతని ఎదురుగానే చాప మీద కూర్చుని ఉంది. చెవుల్లో దూదితో, కళ్లు మూసుకుని జపమాల తిప్పుకుంటోంది. తన చెవిలో దూది ఎప్పుడు జారిపోయిందో బిరామ్‌కి తెలియలేదు. అతని నోరు దానంతట అదే తెరుచుకుంది. పలకకుండా ఉండడానికి చొక్కా అంచు నోట్లో కుక్కుకుని, గొంతు ఆగిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

తర్వాత గోడలు తడుముకుంటూ గురువుగారి ఇంటికి వెళ్లాడు. ఇంకా బలమైన మంత్రమేదైనా ఉంటే చెప్పమన్నాడు. అది లేకపోతే జన్మలో ఇక ఏమీ వినపడకుండా చెవులు మూసేసే దారి చూపించమన్నాడు. 

షేఖ్ మసంబా జావ తాగుతున్నాడు. గిన్నె కింద పెట్టి, ఆ గొంతు ఎలా ఉందని అడిగాడు.

"భయంకరంగా ఉంది, షేఖ్."

"అది నీ సంగతి. నేనడిగేది గొంతు గురించి. పెద్దవాళ్లదా, చిన్నవాళ్లదా?"

బిరామ్ ఆలోచించాడు. ఎంత ఆలోచించినా చెప్పలేకపోయాడు. గురువు లేచి, చెప్పులు తొడుక్కుని, అతని మణికట్టు పట్టుకుని బయటికి నడిచాడు. వెళ్లేది సముద్రం వైపని తెలిశాక బిరామ్ చెవుల్లో మళ్లీ దూది కుక్కుకున్నాడు, కాళ్లు మొరాయించాయి. ముసలాయన పట్టు వదల్లేదు.

ఒడ్డున సముద్రం ఎక్కడా కనపడలేదు, దాని చప్పుడు మాత్రం ఉంది. దుమ్ములో పడవలు పడుకున్న పశువుల్లా ఉన్నాయి. షేఖ్ తడి ఇసుకలో కూర్చుని, దూది తీసెయ్యమని సైగ చేశాడు. బిరామ్ తీసేశాడు. నోటినిండా మట్టి రుచి. చాలాసేపు ఏమీ జరగలేదు.

అప్పుడు మొదలైంది.

"బిరామ్, అన్నం చల్లారిపోతోంది, రా." కొంచెం ఆగి, "మామదూ, పడవ లాగాలి, రా." ఇంకొంచెం దగ్గరగా, "పెండా, పిల్లాడు ఏడుస్తున్నాడు, రా."

పెండా లేదన్న సంగతి కూడా ఆ పిలిచేదానికి తెలిసినట్టు లేదు. అవన్నీ ఊళ్లో రోజూ వినపడే కేకలే. ఆ నీళ్లలో ఏదో ఎంతో కాలంగా కూర్చుని, ఒడ్డు మీద మాటలు విని విని నేర్చుకుందని బిరామ్‌కి అప్పుడు తట్టింది.  తెలియకుండానే లేచి నిలబడ్డాడు. మణికట్టు మీద గురువు చెయ్యి లేకపోతే నడిచి వెళ్లిపోయేవాడే.

ఎవరూ చెయ్యకూడని పని అప్పుడు షేఖ్ చేశాడు. గొంతెత్తి బదులు పలికాడు.

"వింటున్నాను. నీ పేరేంటి?"

అలల చప్పుడు సన్నగిల్లింది.

"బిరామ్" అంది గొంతు.

"అది ఇతని పేరు. నీది చెప్పు."

"పెండా."

"అదీ నీది కాదు."

 ఈసారి గొంతు వాళ్ల ముందే, దుమ్ములో మోకాలెత్తు నుంచి వచ్చింది. అందులో అమ్మ సాగదీత లేదు, ఎవరి యాసా లేదు. చిన్నపిల్ల గొంతు.

"నాకు పెట్టలేదు."

బిరామ్ వెనక్కి పడబోయాడు. షేఖ్ మాత్రం కాస్త ముందుకి వంగాడు.

"ఎక్కడ పుట్టావు తల్లీ?"

"ఓడలో. అమ్మ కాళ్లకి గొలుసుండేది. నన్ను నీళ్లలో వేసేశారు."

మనుషుల్ని బానిసలుగా ఎత్తుకుపోయిన ఆ ఓడల సంగతి తెలియనివాళ్లు ఆ తీరంలో లేరు. తాతల తాతల్ని ఆ ఇసుకలోనే వరసగా నిలబెట్టి ఎక్కించారు. కానీ దారిలో పురుళ్లు పోసుకున్నవాళ్ల గురించి బిరామ్ ఎప్పుడూ ఆలోచించలేదు. పుట్టిన వారానికి గానీ బిడ్డకి పేరు పెట్టరు. అప్పటిదాకా బతకనివ్వకపోతే ఆ బిడ్డని ఏమని పిలుస్తారు?

"మరి మా ఊరివాళ్లని ఎందుకు పిలుస్తున్నావు?" అని అడిగాడు షేఖ్.

"పిలిస్తే వస్తారు కదా."

షేఖ్ బిరామ్ చెయ్యి వదిలేశాడు. చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాడు. బిరామ్ వద్దని అరిచాడు, ఆయన వినలేదు. ముసలాయన నడుము లోతులో ఆగి, రెండు చేతులూ ముందుకి చాచి, పసిబిడ్డని అందుకున్నట్టు దగ్గరికి తీసుకున్నాడు. ఆ చేతుల్లో ఏమీ లేదు. అయినా మోచేతులు బరువుకి కిందికి దిగడం బిరామ్ కళ్లారా చూశాడు.

షేఖ్ తల వంచి ముందు, పుట్టిన బిడ్డకి పేరు పెట్టేటప్పుడు వినిపించే నమాజు పిలుపు, అజాన్ పలికాడు. చిన్నగా, బిడ్డ చెవిలో పలికినట్టే. తర్వాత ఇంకేదో ఒక్క మాట అన్నాడు. అది ఒడ్డుకి వినపడలేదు.

"యాసిన్" అంది పిల్ల. కొత్త వస్తువుని తిప్పి చూసుకున్నట్టు ఇంకోసారి అంది. "యాసిన్." ఆ మాటే అనుకుంటూ పడమటి వైపు దూరంగా, ఇంకా దూరంగా వెళ్లిపోయింది. షేఖ్ చేతులు తేలికై పైకి లేచాయి.

బిరామ్ అప్పుడు ఊపిరి వదిలాడు.

"అయిపోయిందా, షేఖ్?"

గురువు వెనక్కి తిరగలేదు. ఆయన కుడివైపు నీళ్లు కదిలాయి, తర్వాత ఎడమవైపు. ఎదురుగా, కనుచూపు ఆనని దుమ్ములో అంతటా నీళ్లు చీలుతున్న చప్పుడు. అన్నం తినమని, పడవ లాగమని, పిల్లాడు ఏడుస్తున్నాడని ఊరందరి పేర్లూ ఒక్కసారిగా పిలుస్తున్నారు. లెక్కకి అందనన్ని గొంతులు. అన్నీ చిన్నవే, అన్నీ దగ్గరికి వస్తున్నాయి.

షేఖ్ ఒక చెయ్యి వెనక్కి చాచాడు. ఆ చెయ్యి చలికి నీలం తిరిగింది.

బిరామ్ మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఒక అల వచ్చి అతని పాదాలని తాకింది. ఆ నీళ్లలో చిన్నచిన్న వేళ్లు ఏవో అతని మడమలు తడిమి చూశాయి.

"ఈ వణుకు కాస్త తగ్గనివ్వండి షేఖ్" అన్నాడు. "తగ్గగానే వస్తాను."

"అది తగ్గదు" అన్నాడు గురువు. "అలాగే రా."