ఉప్పు లేని విందు

ఆ పొద్దున మందారగిరిలో ఎవరికీ కాళ్ళు నేల మీద నిలవలేదు.

పొరుగున ఉన్న ఉక్కుదుర్గం ఒక తరం కిందట తలుపులు బిడాయించుకుంది. దాని రాజు ఉగ్రసేనుడి పేరు చెప్పి ఇక్కడి తల్లులు పిల్లలకి అన్నం తినిపించేవాళ్ళు. అలాంటి కోట తలుపు జానెడు తెరుచుకుంది. అందులోంచి ఒక బూరెల బుట్టా, ఒక కబురూ బయటికొచ్చాయి.

"ఇకమీదట మాకు ఎవరితోనూ పగ లేదు. మా ప్రజలు మనసులో మాట భయం లేకుండా చెప్పుకోవచ్చు. మా పెద్దలు రేపు మీ ఇంటికి వస్తున్నారు."

బూరెల్లో విషం ఉందేమోనని ఊరు రెండుగా చీలి వాదించుకుంది. వాదించుకుంటూనే బుట్ట ఖాళీ చేసింది. జోస్యుడు తాను ఎప్పుడో చెప్పానన్నాడు. నిన్నటిదాకా ఉగ్రసేనుణ్ణి రాక్షసుడన్నవాడొకడు ఇవాళ తన దూడకి ముద్దుగా ఆ పేరు పెట్టుకున్నాడు.

గజేంద్రవర్మ మహారాజుకి మాత్రం ముద్ద దిగడం లేదు.

"నాకు సంబరంగానూ ఉంది, భయంగానూ ఉంది" అన్నారాయన కొలువులో. "రేపు విందు ముగిసేలోగా వాళ్ళ మాట నిజమో బూటకమో తేల్చినవాడికి అడిగింది ఇస్తాను. తేలకపోతే మనవైపు నుంచీ ఒక గోడ లేపేద్దాం."

గోడ మాట వినగానే దండనాయకుడు భుజంగరాయుడు మీసం దువ్వుకున్నాడు. సరిహద్దు మూసి ఉన్నంతకాలమే ఆయన మీసానికి మర్యాద.

రాజుగారికి తాంబూలం అందిస్తున్న బుచ్చనకి మాత్రం గుండె జారిపోయింది. వాడి అక్క చెంగమ్మని ఆ కోటలో ఇచ్చారు. పెళ్ళయిన ఏడాదే తలుపులు మూశారు. అక్క బతికి ఉందో లేదో కూడా వాడికి తెలియదు. ఇటూ గోడ లేస్తే ఇక ఈ జన్మకి తెలియదు.

"నేను తేలుస్తాను ప్రభూ" అన్నాడు బుచ్చన.

"తమలపాకులకి ఈనెలు తీసుకునేవాడివి, నీకెందుకురా రాజకీయం?" అని నవ్వాడు భుజంగరాయుడు. "ముందు నేను తేలుస్తాను, చూడు."

మర్నాడు ఉక్కుదుర్గం పెద్దలు రానే వచ్చారు. భుజంగరాయుడు వాళ్ళకి ఎదురెళ్ళి ఉరిమినట్టు అడిగాడు.

"మీరు నిజంగా స్వేచ్ఛగా ఉన్నారా?"

"చాలా స్వేచ్ఛగా ఉన్నాం!" అన్నారు వాళ్ళు, అందరూ ఒక్క గొంతుతో.

"విన్నారా ప్రభూ! బట్టీ పట్టించి పంపారు. గోడకి రాళ్ళు తోలించమంటారా?"

రాజుగారి మొహం వాడిపోయింది. బుచ్చన వంటశాల వైపు నడిచాడు.

విందులో అటు అతిథుల పంక్తి, ఇటు కొలువువాళ్ళ పంక్తి. పప్పు, వంకాయ కూర, పులిహోర, చారు. అన్నీ ఘుమఘుమలాడుతున్నాయి, దేనిలోనూ ఉప్పు రవ్వ లేదు. ఆకు మూల వడ్డించే ఉప్పుని కూడా బుచ్చన ఆపించాడు. ఆవకాయ జాడీని అటకెక్కించాడు.

రాజుగారు మొదటి ముద్ద నోట పెట్టుకున్నారు. కళ్ళు పెద్దవయ్యాయి. అతిథుల ముందు ఏమంటారు? గుటుక్కున మింగేశారు.

ప్రభువు మింగడం చూసి భుజంగరాయుడు ఎలుగెత్తాడు. "ఆహా, అమృతం! ఉప్పూ కారం తూచినట్టు పడ్డాయి!"

"తూచినట్టే, తూచినట్టే!" అంది ఇటు పంక్తి అంతా.

అటు పంక్తి తమ నాయకుడు కాలకంఠుడి వైపు చూసింది. ఆయన మింగాడు. వాళ్ళూ మింగారు. 'అయిపోయింది. ఇక అక్క మొహం చూసే రాత లేదు' అనుకున్నాడు బుచ్చన.

అప్పుడు అటు పంక్తి చివర కూర్చున్న పురోహితుడు సోమయాజులు వేలు నాకి చూసుకున్నాడు. భోజనం దగ్గర ఆయన సొంత తమ్ముణ్ణయినా క్షమించే రకం కాదు.

"ఎవడయ్యా వంటవాడు? పప్పులో ఉప్పేదీ?"

అనేశాక గానీ ఆయనకి తానెక్కడివాడో గుర్తు రాలేదు. కాలకంఠుడు మెల్లగా తల తిప్పాడు. నిరుడు వాళ్ళ కోటలో ఇంతకన్నా చిన్న మాటకి జనం రాతి గనులకి పోయారు.

"పప్పులోనే కాదు స్వామీ, చారులోనూ లేదు" అన్నాడు కాలకంఠుడు. "చెబుదామనే చూస్తున్నా, నోరు రావడం లేదు. పాత అలవాటు!"

అంతే, గట్టు తెగింది.

"వంకాయలోనూ లేదు!"

"పులిహోర చప్పిడి!"

"ఆ మాటకొస్తే మా ఊరి బావిలో నీళ్ళూ చప్పిడే!"

"మా రాజుగారి కొత్త కిరీటం బొత్తిగా బాగోలేదు!"

ఒక తరం పాటు మింగుకున్న సణుగుడంతా ఆ ఆకుల ముందు వెళ్ళగక్కారు. ఒకాయన సణుగుతూనే సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

"బుచ్చనా! అతిథుల ముందు నా పరువు తీశావు కదరా!" అన్నారు రాజుగారు.

"ప్రభూ, స్వేచ్ఛ ఉందా అని అడిగితే భయస్తుడు కూడా ఉందనే అంటాడు. అడగకుండా వంటకి వంక పెట్టాడంటే వాడికి భయం వదులుతున్నట్టే."

భుజంగరాయుడు లేచాడు. "ఒక బాపడు ఉప్పడిగితే దేశం మారిపోయిందంటావా?"

బుచ్చన వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"వాళ్ళలో ఒకడైనా అడిగాడు దొరా. మన పంక్తిలో అడిగేవాడు ఇంకా పుట్టలేదు."

రాజుగారు తన పంక్తిని ఒకసారి చూసుకున్నారు. ఒక్కొక్కడూ ఆకులోకి తల దించేశాడు. ఆయనకి ముందు పొరబోయింది, తర్వాత నవ్వు పొంగింది. ఎంతకీ ఆగలేదు.

"గోడ లేదు, గీడ లేదు! తీయండి తలుపులు! నీకేం కావాలిరా?"

"ఆ కోటకి వెళ్ళే మొదటి బండి నాది కావాలి ప్రభూ. మా అక్క చెంగమ్మని పుట్టింటికి తెచ్చుకుంటాను."

"ఏ చెంగమ్మ, వంటవీధి చెంగమ్మా?" అన్నాడు సోమయాజులు. "నిక్షేపంలా ఉంది. ఆవిడ పప్పు తిన్న నోరు గనకే ఇది సయించలేదు నాకు!"

బుచ్చన ఉన్నచోటే కూలబడి, ఏడుస్తూ నవ్వాడు.

"బండి దేనికి? నా రథం తీసుకెళ్ళు" అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ. "తోలేది మన భుజంగరాయుడు!"

రెండు పంక్తులూ ఒక్కసారిగా గొల్లుమన్నాయి.