ఉలవచారు కుండ తీర్పు

పూర్వం మణిసీమ అనే రాజ్యాన్ని ప్రతాపసింహుడు ఏలేవాడు. ఆయనకు తన కోట కంటే తన న్యాయపాఠశాల అంటేనే గొప్ప. అక్కడ చదివినవాళ్లే న్యాయాధికారులయ్యేవారు. అందులో చోటు దొరకడం మాత్రం గగనమే. నిండు సభలో ధర్మశాస్త్ర శ్లోకాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి. నడుమ ఊపిరి పీలిస్తే ఇంటికి పోవాల్సిందే. ఆ పరీక్ష కనిపెట్టింది సాక్షాత్తూ రాజుగారే.

ఆ ఏడు పరీక్షకు వచ్చినవాళ్లలో ఓబళేశు అనే యువకుడు ఒకడు. అతడికి నత్తి. ఎవరి చాడీలో నమ్మి, అతడి తండ్రిని ఒక్క మాటైనా అడగకుండా ఓ న్యాయాధికారి వాళ్ల పొలం లాగేశాడు. ఆ కడుపుమంటతోనే న్యాయం చదవాలనుకున్నాడు. పాపం, రెండో శ్లోకంలోనే ఆగిపోయాడు.

"ఊపిరే నిలుపుకోలేనివాడు న్యాయమేం నిలుపుతాడయ్యా?" అన్నారు రాజుగారు. సభంతా నవ్వింది.

ఆస్థాన విదూషకుడు చెన్నప్పకు నవ్వు రాలేదు. ఓబళేశు కళ్లలో నీళ్లు చూసి అతడి మనసు చివుక్కుమంది.

"ప్రభూ, కాబోయే న్యాయాధికారులంతా ఇక్కడే ఉన్నారు. నాదో చిన్న ఫిర్యాదు, తీర్పు చెప్పించండి" అన్నాడు.

"కానివ్వు" అన్నారు రాజుగారు మీసం దువ్వుతూ.

"నిన్న నేను ఇంట్లో లేనప్పుడు ఒక పెద్దమనిషి వచ్చి, మా ఆవిడ కాచిన ఉలవచారు కుండతో సహా పట్టుకుపోయాడు. ఆయన్నేం చేయాలి?"

రాజుగారి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

మొదటివాడు గుక్క తిప్పుకోకుండా శ్లోకం చదివి, గుండు కొట్టించమన్నాడు. పక్కవాడు సున్నపుబొట్లు పెట్టి గాడిద మీద ఊరేగించమన్నాడు. ఆ తర్వాతివాడు ఇంకా వేగంగా చదివి కొరడా దాకా వెళ్లాడు. రాజుగారికి చెమటలు పోశాయి.

"నువ్వేమంటావు నాయనా?" అని చెన్నప్ప ఓబళేశును అడిగాడు.

"అ... అయ్యా, ఆ పెద్దమనిషి ఏ... ఏమంటాడో ముందు వినాలి కదా."

"అలా అడుగు బాబూ" అంటూ రాజుగారు సింహాసనం మీంచి లేచారు. "వాళ్లావిడే 'తీసుకెళ్లండి ప్రభూ' అని చేతికిచ్చింది. నేను దొంగనెలా అవుతాను?"

తన నోటితో తానేమన్నారో రాజుగారికి అప్పుడు తెలిసొచ్చింది.

"దొంగతనమని నేననలేదు ప్రభూ" అన్నాడు చెన్నప్ప వినయంగా. "ఎవరిచ్చారని వీళ్లూ అడగలేదు. శ్లోకాలు పాఠశాలలో చేరాక నేర్పవచ్చు. అవతలివాడి మాట వినాలన్న బుద్ధి మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలి."

రాజుగారు ముందు గుర్రుగా చూశారు. తర్వాత నవ్వాపుకోలేక కడుపు పట్టుకున్నారు. ఓబళేశుకు పాఠశాలలో చోటిచ్చి, అతడి తండ్రి మాట తానే స్వయంగా వింటానన్నారు. మెడలోని ముత్యాలహారం తీసి చెన్నప్పకు వేశారు.

చెన్నప్ప కదల్లేదు.

"ఇంకేం కావాలయ్యా?"

"కుండ, ప్రభూ. అది లేకుండా ఇంటికెళితే మా ఆవిడ నా వాదన వినదు."