చెరకు గడ్డే కదా బావా!

బెల్లం వండే పాక వెనక, చెరకు తోటని ఆనుకుని ఒక పశువుల దొడ్డి. అందులో బోడయ్య అనే ఎద్దు, నూకాలు అనే ముసలి మేక, చుక్కమ్మ అనే కోడిపెట్ట కాపురం. బోడయ్యకి కొమ్ముల్లేవు, అందుకే ఆ పేరు. కొమ్ముల్లేకపోయినా ఒకప్పుడు వాడి మూపు చూసి పక్క ఊరి ఎద్దులు దారిచ్చేవి. ఇప్పుడా మూపు పాత గోనెసంచిలా ఓ పక్కకి వాలిపోయింది.

ఆ ఏడు వానలకి దొడ్డి గోడ కూలి, దూడ దూరేంత గండి పడింది. బెల్లం పని అయ్యాక చూద్దాంలే అన్నారు పాకవాళ్లు. గండి పక్కనే పాత గానుగ రాయి ఒకటి ఉంది. దాన్ని రెండు మూడడుగులు తోస్తే గండి మూసుకుపోతుంది. తోయగలిగినవాడు బోడయ్య ఒక్కడే. వాడికేమో లేచి నిలబడితేనే మోకాళ్లు వణుకుతున్నాయి.

ఆ గండిలోంచి మధ్యాహ్నంపూట అప్పలకొండ అనే గుంటనక్క వచ్చేది. చుక్కమ్మ పిల్లలు పదకొండు కాస్తా ఏడయ్యాయి. నాలుగోదాన్ని ఎత్తుకుపోయిన రోజున బోడయ్య అడ్డం వెళ్లబోయి, రెండడుగులేసి కూలబడ్డాడు. నక్క పిల్లని కరుచుకుని వాడి ముక్కు ముందునుంచే తీరిగ్గా నడిచి వెళ్లింది.

చుక్కమ్మ వచ్చింది. "బోడన్నా, నిన్ను తిట్టడానికి రాలేదు. మిగిలినవాటిని నీ దగ్గర పడుకోబెడతాను. కాపలా లేకపోయినా కాస్త నీడైనా ఉంటుంది."

ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. బోడయ్య నేరుగా, దొడ్డిలో ఎవరికి నలతొచ్చినా మందు చెప్పే నూకాలు దగ్గరికి వెళ్లాడు.

"నోరు తెరువు," అంది మేక. నాలుక మీద తెల్లటి పొర. "రోజూ ఏటి తింటున్నావురా?"

"పాకవాళ్లు పారబోసే బెల్లం తెట్టు, మడ్డి కలిపిన కుడితి, చెరకు ముక్కలు. ఒంట్లో సత్తువ లేదు కదా పెద్దమ్మా, తీపి తింటే వస్తుందని..."

నూకాలు వాణ్ణి కుడితి తొట్టి దగ్గరికి తీసుకెళ్లింది. మడ్డి పడిన కుడితి పులిసి, బుడగలు తేలుతూ నురగ కక్కుతోంది.

"ఇదే నీ కడుపు. లోపల బూజు పట్టి పులుస్తోంది. ఆ బూజుకి తీపంటే ప్రాణం. నువ్వు తింటున్నాననుకుంటున్నావు. తింటున్నది అదిరా."

బోడయ్య తొట్టికి దూరంగా జరిగాడు. "మరి ఏం చెయ్యను?"

"ఒక మండలం పథ్యం. నలభై రోజులు తీపి ముట్టుకోకు, పులిసింది తాగకు. గడ్డి, నానిన ఉలవలు, నువ్వుల చెక్క, పొద్దున్నే నాలుగు వేప రెమ్మలు. అంతే."

"అది తిని ఆ రాయి తోయాలా? చిక్కి చస్తాను పెద్దమ్మా!"

"తిండి సగమే పని చేస్తాది. మిగతా సగం రాయి చేస్తాది. రోజూ వెళ్లి దానికి నుదురానించి తొయ్యి. కదలకపోయినా తొయ్యి. పథ్యం ఒక్కరోజు తప్పావంటే మళ్లీ మొదటి రోజే!"

మొదటి వారం నరకం. తల దిమ్ముగా ఉండేది. పాకలో పాకం దించితే చాలు, కాళ్లు వాటంతటవే అటు నడిచేవి. రాయి కదల్లేదు సరికదా, వాడి నుదుటి తోలు లేచింది. ఎనిమిదో రోజున మాత్రం పేడ గట్టిపడింది. నూకాలు దాన్ని పండగ పిండివంటలా మురిపెంగా చూసుకుంది.

పన్నెండో రోజు నక్క చెరకు కట్ట ఒకటి ముందు పెట్టుకుని, గండిలో కూర్చుని పలకరించింది.

"ఏం బావా, పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉన్నావు. ఎవరు వేశారీ శిక్ష?"

"నూకాలు పెద్దమ్మ పెట్టిన పథ్యంలే."

"ఏం తినమన్నారేంటి?"

"గడ్డి."

"మరి చెరకు?"

"అమ్మో, తీపి!"

నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "చెరకు చెట్టా, తీగా? గడ్డే కదా బావా! ఆకు చూడు, గణుపు చూడు. కాస్త పొడుగ్గా పెరిగిన గడ్డి. ముసలిది తినమన్నదే నేను తెచ్చాను."

బోడయ్య ఆకు చూశాడు. అచ్చం గడ్డే. నోటికి కావాల్సిన సాకు దొరికింది. కట్టంతా నమిలేశాడు.

సాయంత్రానికి కడుపు డప్పులా ఉబ్బింది. మర్నాడు మధ్యాహ్నం నక్క వచ్చి, పడుకున్న వాడి కాళ్ల మధ్యనుంచే ఇంకో పిల్లని పట్టుకుపోయింది. చుక్కమ్మ మిగిలిన ఆరింటినీ పోగుచేసుకుని దొడ్డిలో అవతలి మూలకి వెళ్లిపోయింది. బోడయ్యకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమొచ్చింది. అందులో నక్క మీద కొంతే, తన నాలుక మీదే చాలా.

"పెద్దమ్మా, ఇవాళ ఎన్నో రోజు?"

"మొదటి రోజు."

"సరే," అని వేప రెమ్మ అందుకున్నాడు.

కొత్త లెక్కలో పదో రోజున నక్క మళ్లీ కట్టతో వచ్చింది. "బావా, గడ్డి తెచ్చాను."

బోడయ్య అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాడు. "మొన్న కడుపు ఉబ్బింది. తీపి వల్లే అంటోంది ముసలిది."

"వట్టి అబద్ధం! ఇది గడ్డి."

"అయితే రోజూ నా ఎదురుగా నువ్వు తిని చూపించు. నా నలభయ్యో రోజు దాకా నీకేం కాకపోతే, నీ మాటే నిజం. ఆ రోజు కట్ట మొత్తం నేనే తింటాను."

నక్కకి చెరకంటే మామూలు పిచ్చి కాదు. తిన్నంత చెరకు తినొచ్చు, చివర్లో ఎద్దు కూలబడుతుంది, ఆ తర్వాత దొడ్డంతా తనదే. "మాటంటే మాటే బావా!" అంది.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం వాడి ముందు కూర్చుని కరకరా నమిలేది. కడుపు నిండిపోయి కోడిపిల్లల వైపు చూసేది కాదు. రసం వాసనకి బోడయ్య నోట్లో నీళ్లు ఊరేవి. మింగేసి, ఉలవలు నములుతూ రాయి వైపు చూసేవాడు. పొద్దున్నే లేచి నుదురానించేవాడు. ఇరవయ్యో రోజున రాయి కిర్రుమంది. ఇరవై రెండున రెండు వేళ్లు జరిగింది. ఇక ఆగలేదు. రోజుకి రెండు వేళ్లు, ఒంట్లో బాగుంటే మూడు. మూపు నిటారుగా లేచింది, తొడలు బిగిశాయి.

"రాయేదో నువ్వేదో తెలీట్లేదురా," అంది నూకాలు, కొమ్ముతో వాడి భుజం పొడిచి చూసి.

ఒకరోజు నక్కకి అనుమానం వచ్చింది. "గండి ఇరుకైనట్టుందే?"

"నువ్వే ఒళ్లు చేశావేమో."

"అదీ నిజమే. ఈ మధ్య బలం పట్టాను," అని మురిసిపోయింది.

నలభయ్యో రోజు మధ్యాహ్నం నక్క కట్ట కరుచుకుని గండిలో తల దూర్చింది. ముందుకాళ్లూ దూరాయి. పొట్ట దగ్గర ఇరుక్కుపోయింది. నోట్లోని కట్ట లోపల పడింది.

"బావా, కాస్త లాగవా!"

"ముందు నాలుక చూపించు," అన్నాడు బోడయ్య. నాలుక మీద తెల్లటి పొర.

"చెరకు గడ్డే కదా అప్పలకొండా, మరి కడుపెందుకు ఉబ్బింది?"

అవతలి మూలనుంచి చుక్కమ్మ పరుగెత్తుకొచ్చి, పోయిన ఐదుగురు పిల్లలకీ ఐదు పోట్లు దాని ముక్కు మీద పొడిచింది. నక్క కుయ్యోమంటూ వెనక్కి గింజుకుని, సగం బొచ్చు గోడకి వదిలి బయటపడింది. బోడయ్య నుదురానించి ఒక్క తోపు తోశాడు. మిగిలిన బెత్తెడూ మూసుకుపోయింది.

"బావా!" గోడ అవతలనుంచి నక్క మూలిగింది. "నీ పథ్యం అయిపోయిందిగా, ఆ కట్టయినా తిను!"

బోడయ్య కట్టని వాసన చూశాడు. తీయగానే ఉంది. కాలితో నెట్టుకెళ్లి, రాయి దొర్లకుండా దాని కింద అడ్డు పెట్టాడు.

"బోడన్నా," అంది చుక్కమ్మ, "పిల్లలు నీ నీడలో పడుకుంటామంటున్నాయి."

నోటికి తీపి అందించేవాడి కన్ను ఎటుందో చూసుకుని మరీ నోరు తెరవాలి.