ఉడుమును చూసిన గాజుకన్ను

అనగనగా నల్లమల అంచున, కొండ దిగి వచ్చే వాగు పక్కన, నడుమెత్తు గడ్డి పెరిగిన బీడు ఒకటి ఉండేది. ఆ గడ్డిలో మచ్చెమ్మ అనే ఉడుము ఉండేది. ఆమె ఒళ్ళు ఎండుగడ్డి రంగు, దాని మీద పసుప్పచ్చని చుక్కలు. కదలకుండా పడుకుందంటే పక్కనే నిలబడ్డవాళ్ళకు కూడా పుల్లాపుడకలాగే కనిపించేది.

మచ్చెమ్మ ఎవరినీ ఒక పట్టాన నమ్మదు. ఆమె చిన్నప్పుడు వేటగాళ్ళు తల్లిని గోనెసంచిలో వేసుకుపోయారు. అప్పటి నుంచి ఆకు కదిలినా ఆగిపోతుంది. నాలుక బయటికి చాపి గాలిని రుచి చూస్తుంది. ఉడుములకు వాసన తెలిసేది నాలుకతోనే.

ఆ ఏడు మచ్చెమ్మ చెదలపుట్టలో గొయ్యి తవ్వి పదమూడు గుడ్లు పెట్టింది. మట్టి కప్పేసి, పగలల్లా ఆ పుట్ట చుట్టుపక్కలే తిరుగుతూ కాపలా కాస్తోంది.

ఒకనాడు ఆ బీడులోకి హైమవతి అనే ఆవిడ వచ్చింది. అడవి జంతువుల ఫొటోలు తియ్యడం ఆమె పని. ఆమె చేతిలో పొడుగాటి గొట్టమున్న కెమెరా ఉంది. గొట్టం చివర పెద్ద గాజుకన్ను. వెంట గురవన్న అనే చెంచు పెద్దాయన వచ్చాడు. ఇద్దరూ గుట్ట దగ్గర బండల చాటున కూర్చున్నారు. పొద్దు నెత్తికెక్కేదాకా అక్కడే ఉండి వెళ్ళిపోయారు. ఆ తరవాత కూడా రోజూ పొద్దున వచ్చి అక్కడే కూర్చునేవారు.

కెమెరా అంటే ఏమిటో బీడులో ఎవరికీ తెలియదు. కానీ నున్నయ్య అనే ముంగిస మాత్రం అన్నీ తెలిసినట్టు మాట్లాడాడు. అది కొత్తరకం తుపాకి అన్నాడు. దాని కంట్లో పడినవాళ్ళు మూడు రోజులకు మించి బతకరన్నాడు. మొదటి రోజే దుబ్బు దుబ్బుకీ తిరిగి ఆ మాటే చెప్పాడు. సాయంత్రమయ్యేసరికి బీడంతా వణికిపోయింది.

మర్నాడు నున్నయ్య కౌజుపిట్ట దగ్గరికి వెళ్ళాడు. గాజుకన్ను నీ గూటివైపే తిరిగి ఉంది, గుడ్ల మాట తరవాత, ముందు నీ ప్రాణం కాపాడుకో అని తొందరపెట్టాడు. పాపం కౌజుపిట్ట వాగు అవతలికి ఎగిరిపోయింది. తిరిగి వచ్చి చూసుకుంటే గూట్లో ఒక్క గుడ్డు కూడా లేదు.

ఆ మర్నాడు తాబేలు వంతు వచ్చింది. ఆమెకూ అదే మాట చెప్పాడు. తాబేలు తన మానాన తను మెల్లగా వాగులోకి దిగింది. ఒడ్డున ఇసకలో దాచిన గుడ్లు మాయమయ్యాయి.

బీడులో అందరూ ఆ ఆడమనిషినే తిట్టిపోశారు. మచ్చెమ్మ కూడా తిట్టుకుంది. ఆమె తల్లిని పట్టుకుపోయింది మనుషులే కదా.

నాలుగోనాడు పొద్దున్నే నున్నయ్య మచ్చెమ్మ పుట్ట దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"వదినా, ఈ రోజు ఆ మనిషి నీ కోసమే వస్తోంది. వాగు అవతల బండసందులో నీకు చోటు చూసి పెట్టాను. ఎండ ముదరకముందే వెళ్ళిపో."

"నా గుడ్లు?" అంది మచ్చెమ్మ.

"మట్టి కింద ఉన్నవి ఎక్కడికి పోతాయి? నువ్వు బతికుంటే మళ్ళీ పెట్టుకోవచ్చు."

ఆ మాట మచ్చెమ్మకు ఎక్కడో గుచ్చుకుంది. గుడ్లు ఎక్కడికీ పోకపోతే మళ్ళీ పెట్టుకోవడం దేనికి? అయినా అలాగే వెళ్తానని చెప్పి పంపించింది.

ఆ తరవాత ఆమె వాగు దాటలేదు. తిన్నగా కౌజుపిట్ట గూటికి వెళ్ళింది. నాలుక చాపి గూడంతా వాసన పట్టింది. మనిషి వాసన లేదు. గడ్డి ఎక్కడా చెప్పుల కింద నలగలేదు. పెంకు ముక్కల మీద ముంగిస వాసన మాత్రం ఘాటుగా తగిలింది. ఇసకలో తాబేలు తవ్విన గొయ్యి దగ్గరా అదే వాసన.

మచ్చెమ్మ వెనక్కి పరుగెత్తుకొచ్చి, పుట్టకు రెండు బారల దూరంలో గడ్డిలో ఒళ్ళు నేలకు ఆనించి పడుకుంది. నున్నయ్య గుడ్ల కోసం వస్తాడు. వచ్చేదాకా కదలకూడదు.

సరిగ్గా అప్పుడే ఎదుటి బండల చాటు నుంచి గాజుకన్ను మెల్లగా ఆమెవైపు తిరిగింది. అన్నేళ్ళలో గడ్డిలో పడుకున్న మచ్చెమ్మను ఎవరూ పోల్చుకోలేదు. ఈ మనిషి పోల్చుకుంది. మచ్చెమ్మకు తల్లిని వేసుకుపోయిన గోనెసంచి గుర్తొచ్చింది. కాళ్ళు పారిపొమ్మన్నాయి. పారిపోతే గడ్డి కదులుతుంది. గడ్డి కదిలితే నున్నయ్య పసిగడతాడు. ఈ రోజు కాకపోతే రేపు, ఆమె కనుమరుగైనప్పుడు చూసి గుడ్లు తినేస్తాడు.

నున్నయ్య చెప్పిన దాంట్లో తుపాకి మాట నిజమో అబద్ధమో ఆమెకు ఇంకా తెలియదు. తెలిసింది ఒక్కటే. మూడు రోజులుగా ఆ మనిషి ఒక్క ప్రాణినీ ముట్టుకోలేదు.

మచ్చెమ్మ కదలలేదు.

టిక్కుమని చిన్న చప్పుడైంది. మచ్చెమ్మ కళ్ళు మూసుకుంది. ఏ నొప్పీ లేదు. మెల్లగా కళ్ళు తెరిచింది. బండల చాటున ఆ మనిషి ఊపిరి బిగబట్టి అలాగే కూర్చుని ఉంది.

కాసేపటికి గడ్డిలో నుంచి నున్నయ్య తల బయటికొచ్చింది. అటూ ఇటూ చూశాడు. అతనికి గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు. గాజుకన్నును ఏమాత్రం లెక్కచెయ్యకుండా నేరుగా పుట్ట దగ్గరికి వచ్చి మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. తెల్లటి గుడ్డు ఒకటి బయటపడింది.

మచ్చెమ్మ ఒక్క ఉరుకు ఉరికింది. తోక కొరడాలా తిప్పి నున్నయ్య నడుం మీద కొట్టింది. అతను పల్టీ కొట్టి లేచేలోగా ఇంకోటి తగిలించింది.

"గాజుకన్ను చూస్తోంది, నువ్వు భయపడవా నున్నయ్యా? చూస్తే మూడు రోజుల్లో చస్తారని చెప్పింది నువ్వే కదా," అంది.

ఆ చప్పుడుకు గడ్డిలో నుంచి కౌజుపిట్ట, తాబేలు ఒక్కొక్కరే బయటికి రావడం నున్నయ్య చూశాడు. కుంటుకుంటూ కొండవైపు పారిపోయాడు. ఆ బీడులో మళ్ళీ అడుగు పెట్టలేదు.

బండల చాటున హైమవతి తీసిన ఫొటో గురవన్నకు చూపించింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. గడ్డే కనిపిస్తోందమ్మా అన్నాడు. ఆమె వేలు పెట్టి కన్ను చూపించింది, తరవాత తల, తరవాత తోక. అప్పుడు గురవన్న నవ్వి, ఇక లేద్దాం, గుడ్ల తల్లిని కంగారు పెట్టకూడదు అన్నాడు. ఇద్దరూ పుట్టవైపు రాకుండా చుట్టు తిరిగి వెళ్ళిపోయారు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా మచ్చెమ్మ నాలుక చాపుతూ అటే చూస్తూ ఉంది.

తరవాత బయటపడిన గుడ్డు మీద మట్టి కప్పింది. కౌజుపిట్ట వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, ఆ రోజు నేను వెళ్తూ వెళ్తూ ఒక్కసారి ఆగి ఆలోచించి ఉంటే," అంది.

మచ్చెమ్మ కౌజుపిట్టకు నీడ పడేలా కొంచెం పక్కకు జరిగింది. ఇద్దరూ పొద్దు వాలేదాకా ఆ పుట్టకు కాపలా కాశారు.

తొలకరి వానలకు మట్టి మెత్తబడింది. పదమూడు పిల్లలూ పుట్ట చీల్చుకుని గడ్డిలోకి వచ్చాయి.

నీతి: ఒకరిని అనుమానించమని ఎవరైనా భయపెడితే, ఆ భయం వల్ల లాభం ఎవరికో ముందు చూసుకోవాలి, మనిషి మంచిచెడ్డలు చెప్పేది చేతలే కానీ చెప్పుడు మాటలు కావు.