ఎడమ పక్క వెలుతురు

రత్నమాలకు పిస్టల్ సైటు కుదరడం లేదు. మూడు నెలల్లో పదమూడు రేకులు మార్చింది. అయినా కుదరలేదు.

మా ఆట పిస్టల్ షూటింగ్. దాని సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పిస్టల్ ముందు కొసన చిన్న ఇనుప దిమ్మె ఉంటుంది. వెనకవైపు ఒక రేకు, ఆ రేకులో చదరపు గాడి. ఈ రెండూ కలిస్తే సైటు. గురిచూసేటప్పుడు దిమ్మె గాడి మధ్యలో నిలబడాలి. దానికి అటూ ఇటూ రెండు వెలుతురు గీతలు సమానంగా కనిపించాలి. దిమ్మె ఎంత వెడల్పుండాలి, గాడి ఎంత వెడల్పుండాలి అని తేల్చుకోవడానికే మాలో చాలామందిమి నెలలు తగలేస్తాం.

రత్నమాల అంతకంటే ఎక్కువ. ప్రతి రేకు కొలతా మిల్లీమీటరులో పదో వంతుతో సహా నోటుబుక్కులో రాసుకునేది. "కొలత తెలీకుండా కాల్చేటోళ్లు పోయి రాళ్లు ఇసురుకోండప్పా" అని మమ్మల్ని ఎగతాళి చేసేది. ఆమె మాకంటే బాగా కాల్చేది కాబట్టి నోరు మూసుకుని పడేవాళ్లం.

ఆమె రిజర్వు పోలీసులో కానిస్టేబులు. పోయిన ఏడాది ఒక్క పాయింటు తేడాతో రాష్ట్ర జట్టులో చోటు పోయింది. ఈసారి కూడా పోతే ప్రాక్టీసుకు సెలవులివ్వం, డ్యూటీకి వచ్చెయ్యమని పై అధికారి చెప్పేశాడు. ఎంపిక పోటీ ఆదివారం. నేను చెప్పేది బుధవారం మధ్యాహ్నం సంగతి.

మా గురువు దస్తగిరి ఉస్తాద్. సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్లు తుపాకులు మరమ్మతు చేసి వచ్చారు. ఆదోని శివారులో మూతపడ్డ పత్తి మిల్లు షెడ్డును అద్దెకు తీసుకుని మాకు నేర్పేవారు. మా రేకులన్నీ ఆయన ఆకురాయితో రాసినవే. దేన్ని చూడాలన్నా ఆయన మెడ పూర్తిగా కుడికి తిప్పి, కోడి గింజను చూసినట్టు చూసేవారు. అది పొగరనుకునేవాళ్లం. ఆయన అటు పోగానే నేను అచ్చం అలాగే చూసి అందరినీ నవ్వించేవాణ్ణి.

ఆ రోజు రత్నమాల పిస్టల్ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"గాడి ఇంగొంచెం వెడల్పు చెయ్యాల ఉస్తాద్. ఎడమ పక్క వెలుతురు సాలడంలే. పెల్లెట్లన్నీ కుడికి పోతాండాయి."

ఉస్తాద్ రేకు కొలిచారు. "రెండు పక్కలా సమానంగానే ఉండాది."

"మీ ఆకురాయి ఎడమ పక్క సరిగా పడలేదేమో."

పక్కనే ఉన్న నేను బిత్తరపోయాను. ఉస్తాద్ పనికి వంక పెట్టినవాళ్లు ఆ షెడ్డులో అంతవరకు లేరు.

ఆయన రేకు పైఅంచున, ఎడమ మూల, ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టారు. పిస్టల్‌ను బల్లకున్న వైసు ఇనుప దవడల మధ్య బిగించి, సున్నం గోడ వైపు తిప్పి, దిమ్మెను గాడి మధ్యకు సరిచేశారు.

"చూడు."

"ఎడమ పక్కే సన్నగా ఉండాది."

ఆయన ఆమెకు వీపు అడ్డం పెట్టి రేకు మరమేకు ఊడదీశారు. మళ్లీ బిగించి పక్కకు జరిగారు.

"ఇప్పుడు?"

ఆమె చాలాసేపు చూసింది. "అదే. ఎడమే సన్నం. మీరేమీ మార్చలేదు ఉస్తాద్."

"చుక్క చూడు బేటీ."

ఎర్ర చుక్క కుడి మూలకు వచ్చి ఉంది. ఆయన రేకును వెనకవైపు ముందుకు వచ్చేలా తిప్పి బిగించారన్నమాట. తప్పు రేకుదే అయితే, సన్న గీత కూడా చుక్కతోపాటు కుడికి రావాలి.

రత్నమాల మళ్లీ వంగింది. ఎవరూ చెప్పకుండానే కుడి కన్ను మీద అరచెయ్యి పెట్టుకుని ఎడమ కంటితో చూసింది. చెయ్యి తీసి కుడి కంటితో చూసింది. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. ఆఖరికి నిటారుగా నిలబడింది.

"ఎడమ కంటికి రెండూ సమానంగా ఉండాయి," అంది.

"ఎన్ని దినాల నుంచి?"

"దీపావళికి ముందు నుంచి. సైటు అనుకుంటి."

"రేపు పొద్దున ఆరింటికి కర్నూలు బస్సు ఉండాది. పెద్దాసుపత్రిలో కంటి డాక్టరుకు చూపించుకో."

"ఆదివారం అయినాక పోతా." ఆమె గొంతు బతిమాలుతోంది. ఆమె ఎవర్నైనా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. "నాలుగు దినాలే గదా ఉస్తాద్. గాడి వెడల్పు చేసి ఒక్క రేకు ఇయ్యండి. ఈ నాలుగు దినాలకు సాలు."

ఉస్తాద్ బల్ల కింద నుంచి పాత జర్దా డబ్బా తీశారు. మూత తుప్పు పట్టి రాలేదు. స్క్రూడ్రైవరుతో లేపి, లోపలివి గుడ్డ మీద కుమ్మరించారు.

అన్నీ వెనక సైటు రేకులే. ఇరవై వరకు లెక్కపెట్టి ఆపేశాను. ప్రతిదాని మీదా మేకుతో గీసిన అంకె ఉంది. ఒకటో రేకు గాడి సన్నగా ఉంది. అంకె పెరిగేకొద్దీ గాడి వెడల్పవుతూ వచ్చింది. చివరి రేకు గాడిలో నా చూపుడు వేలి గోరు పట్టింది.

రత్నమాల ఒక్కొక్కటే తీసి వెలుతురుకు పట్టి చూసింది. కొలతలు ఆమెకు కొట్టిన పిండి. నాకు కనిపించనిది ఆమెకు కనిపించింది.

"అన్నిట్లోనూ గాడికి కుడి పక్కే ఆకురాయి పెట్టినారు," అంది. "ఇవి ఎవరివి ఉస్తాద్?"

"నావే."

ఆయన ఎప్పటిలాగే మెడ పూర్తిగా కుడికి తిప్పి, ఎడమ కంటితో ఆమెను చూశారు. ఆ చూపును పట్టుకుని నేను ఎన్నిసార్లు నవ్వించానో గుర్తొచ్చింది. సిగ్గుతో తల దించుకున్నాను.

ఉస్తాద్ రేకుల్ని తిరిగి డబ్బాలో వేయడం మొదలుపెట్టారు. ఒకటి ఆయన కుడి చేతి పక్కకే జారిపడింది. దానికోసం వేళ్లతో బల్లంతా తడిమారు. అది జానెడు దూరంలోనే ఉన్నా దొరకలేదు. రత్నమాల తీసి డబ్బాలో వేసింది.

"మీరు డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతిరి ఉస్తాద్?" అని అడిగింది.

ఆయన మూత నొక్కి పెట్టారు.

"ఈ డబ్బా నిండినాక," అన్నారు.