చిత్తమనని కంప్యూటరు

గజగిరి రాజ్యంలో రాజుగారు ఏది ఆజ్ఞాపించినా మూడుసార్లు "చిత్తం" అనడం ఆచారం. కొలువులోని కంప్యూటరు కూడా ఆజ్ఞ టైపు చెయ్యగానే తెరమీద మూడు చిత్తాలు చూపించి, ఆ తర్వాతే పని చేసేది. దాన్ని చూసుకునే ఓబులమ్మ ఒకరోజు దాన్ని అప్‌డేట్ చేసింది. ఆ వెంటనే రాజుగారు చెరువు తూము తెరిపించమన్నారు. ఓబులమ్మ టైపు చేసింది. తెరమీద ఒక్క అక్షరం రాలేదు. కర్సరు మాత్రం కింది వరుసలోకి దిగి మిణుకుమిణుకుమంటూ కూర్చుంది.

మంత్రి దండపాణి మండిపడ్డాడు. "ప్రభువులు ఆజ్ఞాపిస్తే ఉలకదు, పలకదు! దీనికింత పొగరు నేర్పిన ఈవిడను రాజ్యం నుంచి వెళ్లగొట్టండి!"

ఓబులమ్మ తల దించలేదు. "అలాగే వెళ్తాను మహారాజా. ముందు మంత్రిగారిని మంచినీళ్లు అడగండి."

రాజు వింతగా చూసి, అడిగాడు. మంత్రి నడుం వంచి, "చిత్తం! చిత్తం! చిత్తం!" అన్నాడు. ఆయన నడుం ఎత్తేలోపే నౌకరు పోలయ్య మాటా పలుకూ లేకుండా వచ్చి నీళ్లచెంబు రాజు చేతికిచ్చాడు.

"చిత్తమన్నది ఎవరు, నీళ్లిచ్చింది ఎవరు మహారాజా? ఇప్పుడు ఆ కిటికీలోంచి చూడండి."

రాజు చూశాడు. కాలువ నిండా నీళ్లు పరుగెడుతున్నాయి.

"మరి పని కాకపోతే?"

"అప్పుడు నోరు విప్పుతుంది. తప్పెక్కడుందో మొహమాటం లేకుండా చెబుతుంది. అది నా పెంపకం!" అంది ఓబులమ్మ గర్వంగా.

రాజు నిట్టూర్చాడు. "తప్పుంటే నా మొహంమీదే చెప్పేవాడు నా మంత్రుల్లో ఒక్కడూ లేడే!"

దండపాణి మళ్లీ నడుం వంచాడు. "చిత్తం! చిత్తం! చిత్తం!"