దూదమ్మ మొహమాటం

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. వాగుకి ఈవలి గట్టున కుందేళ్ళు, ఆవలి గట్టున అడవిపందులు కాపురం ఉండేవి. వాగే వాళ్ళ మధ్య గీత. పిల్లలూ, మీరిద్దరేసి ఒకే మంచం మీద పడుకునేటప్పుడు మధ్యలో దిండు పెట్టుకుంటారు చూడండి, అలాగన్నమాట. మీ దిండు తెల్లారేసరికి ఎక్కడుంటుందో దేవుడికే తెలియాలి. వాగు మాత్రం ఉన్నచోటే పారుతూ ఉండేది.

కుందేళ్ళకి పెద్దదిక్కు దూదమ్మ. పేరుకి తగ్గట్టే మెత్తని మనిషి. మనిషంటే కుందేలే అనుకోండి. ఒకరిని నొప్పించడమంటే ఆమెకి ప్రాణం మీదికొచ్చేది. ఎవరైనా తోక తొక్కినా, అడ్డంగా కూర్చున్నందుకు తనే క్షమాపణ చెప్పుకునే రకం.

కుందేళ్ళకి తాతల నాటి ఆచారం ఒకటుంది. తమ నేల మీదికి ఎవరైనా అడగకుండా వస్తే వెనక్కాళ్ళతో నేలని దబదబా కొట్టాలి. ఆ చప్పుడు వింటే అడవి అడవంతా, కుందేళ్ళు కాదంటున్నాయని గుర్తుపెట్టుకునేది. దూదమ్మకి ఆ పని చేయాలంటే సిగ్గు. ఇరుగుపొరుగు మీద కాళ్ళు కొట్టడమేమిటని అనుకునేది.

ఒక వానాకాలం పెద్ద వరద వచ్చింది. ఒక్క రాత్రిలో వాగు పాత దారి వదిలేసి, కుందేళ్ళ బొరియల ముందు నుంచి కొత్త దారి చేసుకుంది. తెల్లారి లేచి చూస్తే ఏముంది? కుందేళ్ళ గరిక బయలు మొత్తం వాగుకి ఆవలి పక్కకి వెళ్ళిపోయింది. ఆ బయలు చివర ఇసుకలో ఒక చెలమ ఉండేది. ఎండాకాలం వాగు ఎండిపోతే చుట్టుపక్కల నీళ్ళు ఊరేది ఆ చెలమలోనే. కుందేలు పిల్లలు వేసవి గట్టెక్కేది ఆ నీళ్ళతోనే.

వరద తీశాక అడవిపందులు గరిక బయల్లోకి వచ్చి దుంపలు తవ్వుకున్నాయి. దూదమ్మ ఈవలి గట్టు మీద నుంచి చూసింది. అడవిపందుల పెద్ద కోరయ్య ఆమెని చూసి తలూపాడు. ఏమనాలో తెలియక దూదమ్మ కూడా తలూపింది. నాలుగు దుంపలకి గొడవెందుకని ఇంటికెళ్ళిపోయింది.

మరుసటి ఏడు పందులు బయలు మధ్యలో గుంట చేసుకుని బురదలో పొర్లాయి. దూదమ్మ మరిది చెంగయ్య మండిపడ్డాడు. కాళ్ళు కొట్టమని వదిన వెంటపడ్డాడు. దూదమ్మ అతన్నే కసిరి కూర్చోబెట్టింది. పొర్లితే నేలేమైనా అరిగిపోతుందా అంది.

ఆ తర్వాతి ఎండాకాలం వాగు ఎండిపోయింది. దూదమ్మ మనవల్ని వెంటబెట్టుకుని ఎండిన వాగు దాటి చెలమ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఒక పంది పిల్ల అడ్డంగా నిలబడింది. మీ ఇంట్లో కుండలో నీళ్ళు ముంచుకుంటుంటే పక్కింటివాళ్ళు వచ్చి చెయ్యి పట్టుకున్నట్టు, దర్జాగా అడిగింది.

"ఎవరిని అడిగి వచ్చారు?"

పిల్లలు దూదమ్మ మొహంలోకి చూస్తున్నాయి. వాటి నాలుకలు పిడచకట్టుకుపోయి ఉన్నాయి. ఆ రోజు అవి బతిమాలుకుని తలో గుక్కా తాగి వచ్చాయి. దారి పొడవునా దూదమ్మ ఏడుస్తూనే ఉంది.

చెంగయ్య ఊరుకోలేదు. ముళ్ళపందుల్ని కూడగట్టుకుని రాత్రికి రాత్రి పందుల్ని తరిమేద్దామన్నాడు. పనిలో పనిగా, వాగు వంపు తిరిగే వెదురు మలుపు దగ్గర పందుల ఒండ్రు నేల కూడా లాక్కుందామన్నాడు. దూదమ్మ మాత్రం అడవికంతటికీ తీర్పు చెప్పే ముసలి తాబేలు డిప్ప తాత దగ్గరికి నడిచింది.

తాత అంతా విన్నాడు. తలకాయ లోపలికి లాక్కుని చాలాసేపు ఆలోచించాడు. మళ్ళీ బయటికి పెట్టాడు.

"కొట్లాటలో గెలుచుకున్న నేలని ఈ అడవిలో ఎవరూ నీదనరమ్మా. అది మా తాతల కాలంతో పోయింది. సరే గానీ, రెండేళ్ళుగా చూస్తున్నావు కదా. ఒక్కసారైనా కాదన్నావా?"

"లేదు తాతా. కానీ నేను ఇస్తానని కూడా అనలేదు."

"కళ్ళెదుట జరుగుతుంటే తలూపి వెళ్ళిపోయావు. ఇంకొన్నేళ్ళు ఇలాగే గడిస్తే, నువ్వు ఇచ్చేసినట్టే అందరూ అనుకుంటారు. అప్పుడు నేను కూడా ఏమీ చేయలేను. ఇంకా మించిపోయింది లేదు. వెళ్ళి చెప్పు."

ఆ రాత్రి దూదమ్మకి కంటి మీద కునుకు లేదు. తెల్లారగానే ఒక్కతే బయలుదేరింది. గరిక బయల్లో పందులన్నీ ఉన్నాయి. వాటి మధ్యలోకి వెళ్ళి నిలబడేసరికి ఆమె కాళ్ళు వణికాయి. ఎంతగా వణికాయంటే, కొట్టకుండానే చప్పుడొస్తుందేమో అనిపించింది. కళ్ళు గట్టిగా మూసుకుని, వెనక్కాళ్ళు ఎత్తి నేలని కొట్టింది. దబ్, దబ్, దబ్. చెట్ల మీద పక్షులు లేచాయి. దూరాన జింకలు తలలెత్తాయి.

"ఇది కుందేళ్ళ నేల," అంది దూదమ్మ. గొంతు సన్నగానే వచ్చింది గానీ, అందరికీ వినబడింది.

కోరయ్య బురదలోంచి లేచాడు. అతనికి కోపం రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అదేంటి దూదమ్మక్కా? రెండేళ్ళుగా ఏమీ అనలేదు. నీకు ఇష్టమే అనుకున్నాం."

"ఇష్టం కాదన్నా. మొహమాటం."

కోరయ్య అంత తేలిగ్గా వదలలేదు. వాగే గీత, వాగు జరిగింది, కాబట్టి గీత కూడా జరిగిందని వాదించాడు. వినడానికి సబబుగానే ఉంది. ఇద్దరూ కలిసి డిప్ప తాతని పిలిపించారు. తాబేలు కదా, వచ్చేసరికి మధ్యాహ్నం అయింది.

తాత పాత వాగు దారి వెంట పైనున్న మట్టి తవ్వించాడు. అడుగున నున్నటి గులకరాళ్ళు వరసగా బయటపడ్డాయి. అప్పుడు తీర్పు చెప్పాడు. వాగు గట్టుని కొంచెం కొంచెంగా కోస్తూ జరిగితే దానితోపాటు గీత కూడా జరుగుతుంది. ఒక్క రాత్రిలో గెంతితే మాత్రం గీత పాతచోటే ఉంటుంది. అందుకని గులకరాళ్ళ దాకా నేల కుందేళ్ళది. వెదురు మలుపు దగ్గర వాగు ఎన్నో ఏళ్ళుగా మెల్లగా వేసిన ఒండ్రు పందులది. రెండేళ్ళ మౌనం సంగతి కోరయ్య ఎత్తాడు. నిజమే, దూదమ్మది తప్పేనన్నాడు తాత. కానీ ఆ తప్పు ముదరకముందే ఆమె నోరు తెరిచింది, అడవంతా విన్నది అన్నాడు.

ఒండ్రు నేల దక్కలేదని చెంగయ్య మూతి ముడుచుకున్నాడు. దూదమ్మ అతన్ని పట్టించుకోలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

కోరయ్య కాసేపు గొణుక్కుని, చివరికి దగ్గరికి వచ్చాడు. ఎండలు మండిపోతున్నాయి, ఆ బురదగుంట ఒక్కటి వాడుకోనిస్తావా అని అడిగాడు. దూదమ్మ తల అలవాటుగా ఊగబోయింది. ఆపుకుంది.

"అడిగావు కాబట్టి చెప్తున్నా అన్నా. ఈ వేసవికి పొర్లండి. చెలమ జోలికి రావద్దు. వచ్చే ఏడు కావాలంటే మళ్ళీ అడగాలి. రానిచ్చానంటే నేల ఇచ్చేసినట్టు కాదు."

కోరయ్య సరేనన్నాడు. చెప్పుకోవాల్సిన మాటేమిటంటే, దూదమ్మ భయపడినట్టు అతను పగపట్టలేదు. ఎదురుపడితే ఎప్పటిలాగే పలకరించేవాడు.

సాయంత్రం దూదమ్మ పిల్లల్ని చెలమ దగ్గరికి తీసుకెళ్ళింది. అన్నిటికంటే చిన్నది నీళ్ళ దాకా వెళ్ళి ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది.

"అమ్మమ్మా, ఎవరిని అడగాలి?"

దూదమ్మ ఆ పిల్ల పక్కకి వచ్చింది. దాని వీపు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకి తోసింది.

"ఎవరినీ అడగక్కర్లేదు తల్లీ. తాగు."

నీతి: మనది కానిది మనకి వద్దు. మనదైనదాన్ని ఎవరైనా వాడుకుంటుంటే మొహమాటానికి పోకుండా, కొట్లాటకి దిగకుండా, సమయానికి నోరు తెరిచి కాదని చెప్పాలి.